మాలిమి బండి

డాక్టర్ గౌరునాయుడు నాలుగేళ్ళలో మూడుసార్లు కరెంటు కారు కొందామని బయల్దేరి, మూడుసార్లూ ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. మూడుసార్లూ అతన్ని ఆపింది భార్య సుభాషిణే.

"ఒక్క ఏడాది ఆగండి. ఇప్పుడు కొన్నది వచ్చే ఏడాదికి పాతబడిపోతుంది," అనేది ఆవిడ.

ఆ మాట ప్రతిసారీ నిజం కావడమే అతనికి మింగుడుపడేది కాదు. మొదట అతను ముచ్చటపడ్డ కారు ఒక చార్జింగుకి రెండొందల కిలోమీటర్లు నడిచేది. ఏడాది తిరక్కుండా అదే కంపెనీ అదే ధరకి మూడొందల ఇరవై నడిచేది తెచ్చింది. రెండోసారి చూసిన కారుకి గంటన్నర చార్జింగు పెట్టాలి. ఆర్నెల్లకల్లా నలభై నిమిషాలు చాలనేది వచ్చింది. సుభాషిణి విశాఖపట్నం శివార్లలో ఒక పరిశోధన సంస్థలో బ్యాటరీల మీదే పనిచేస్తోంది. ఆవిడ ఆగమంటే అతను ఆగేవాడు.

గౌరునాయుడు పశువుల డాక్టరు. పెందుర్తిలో క్లినిక్కు. సబ్బవరం, చోడవరం వైపు పల్లెలకి రోజూ తిరగాలి. పద్నాలుగేళ్ళ డీజిలు బండి పొద్దున్నే స్టార్టు చేస్తే అపార్టుమెంటు సెల్లారంతా పొగ కమ్ముకునేది. మొదటి అంతస్తు వాళ్ళు దభీ దభీ‌మని కిటికీ రెక్కలు మూసుకునేవారు. ఆ సెల్లారులోకే ఒక్కొక్కటిగా నాలుగు కరెంటు కార్లు వచ్చి చేరాయి. వాటిని తెచ్చుకున్నవాళ్ళు లిఫ్టులో కనబడినప్పుడల్లా, ఇంట్లో బ్యాటరీ సైంటిస్టుని పెట్టుకుని మీరింకా డీజిలేనా అని నవ్వేవారు. గౌరునాయుడూ నవ్వేవాడు. ఇంట్లోకి వచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు.

మూడోసారి ఆగమన్నప్పుడు సుభాషిణి అసలు కారణం చెప్పింది. చెప్పడమే కాదు, అతన్ని తమ సంస్థకి తీసుకెళ్ళి రేకుల షెడ్డులో రెండు తెల్ల కార్లు చూపించింది. రెండింట్లోనూ ఒకే రోజున తయారైన బ్యాటరీలు పెట్టారు. ఒక కారుని ఆరుగురు డ్రైవర్లు వంతులవారీగా ఐదు నెలలు నడిపారు. రెండోది సుభాషిణి ఒక్కతే నడిపింది. ఆరుగురు నడిపిన కారు ఒక చార్జింగుకి మూడొందలు దాటలేదు. సుభాషిణి నడిపింది నాలుగొందల ఎనభైకి వచ్చింది.

"ఎద్దు ఒక చేతికి మరిగితే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా," అంది. "ములుగర్ర ఎత్తక్కర్లేదు, అదే అడుగు మారుస్తుంది. ఇదీ అంతే."

ఆ బ్యాటరీ లోపలి పొరలు గట్టిపడి ఊరుకునేవి కావు, పెరిగేవి. బండి నడిపే మనిషి వేగం ఎలా పెంచుతాడు, మలుపుకి ఎంత ముందు కాలు తీస్తాడు, బ్రేకు మీద ఎంత బరువు వేస్తాడు అన్నదాన్ని బట్టి వాటిలో దారులు పడేవి. ఏడాదిన్నర ఒకే చేతిలో నడిస్తే ఏడొందల యాభై కిలోమీటర్లు వస్తాయని లెక్క, ముప్ఫై ఏళ్ళు మన్నుతుందని ఆశ. ఒకే చేతికి మచ్చికయ్యేది కాబట్టి సంస్థలో అందరూ దాన్ని 'మాలిమి' అని పిలిచేవారు.

మధ్యలో వేరే చెయ్యి పడితే ఏమవుతుందని అడిగాడు గౌరునాయుడు.

"లేగదూడ ఎముక అనుకోండి. పొరపాటున ఒకసారి తగిలితే మానుతుంది. పట్టుకుని ఇటూ అటూ వంచితే విరుగుతుంది," అంది సుభాషిణి. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇది బయటికొచ్చాక మొదటి బండి మీకే. మీ చేతికి మాలిమయ్యేది. అందుకే ఆగమంటున్నాను," అంది.

ఆ రోజు అతను సంతోషంగానే ఆగాడు. ఊళ్ళో అందరూ కొనుక్కునే కార్లు అతనికి కొన్నాళ్ళపాటు ఆటబొమ్మల్లా కనిపించాయి.

అయితే కారులో ఇంకో సీటు కూడా ఉంటుంది. దాని సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

పరీక్ష కోసం ఆ కారులోని మీటర్లన్నీ పీకేసి లాప్‌టాప్‌కి కలిపారు. సుభాషిణి నడుపుతుంటే పక్కన ఒకరు కూర్చుని ఆ అంకెలు రాసుకోవాలి. ఆ పని ఫణీంద్రది. ముప్ఫై ఆరేళ్ళవాడు, పొడుగరి, పెళ్ళి కాలేదు, మద్దిలపాలెంలో గది తీసుకుని ఉంటున్నాడు. వారానికి ఐదు రోజులు పొద్దున్నే ఆరింటికి సుభాషిణి కారు తీసుకుని బయల్దేరి, అతన్ని మద్దిలపాలెంలో ఎక్కించుకుని, భీమిలి మీదుగా విజయనగరం దాకా వెళ్ళి సంస్థకి చేరేది. గౌరునాయుడు బాల్కనీలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి చూసేవాడు. తెల్ల కారు చప్పుడు లేకుండా గేటు దాటేది. కాసేపటికి తన డీజిలు బండి దగ్గుతూ బయల్దేరేది.

రాత్రి భోజనాల దగ్గర ఫణీంద్ర పేరు వడ్డన అయ్యేది. ఫణీంద్ర ఇలా అన్నాడు, ఫణీంద్రకి ఈ సంగతి తట్టింది, తగరపువలస దగ్గర మేకల మంద అడ్డొస్తే ఫణీంద్ర దిగి తోలబోయి బురదలో జారాడు. చెబుతూ సుభాషిణి నవ్వేది. మేకల్ని ఎలా తోలాలో తనని అడిగితే చెబుతాడు కదా అనుకునేవాడు గౌరునాయుడు. పైకి మాత్రం పప్పులో ఉప్పు తగ్గిందనేవాడు.

ఒక రోజు తనూ వచ్చి వెనక కూర్చుంటానన్నాడు. ఒక్కసారే, ఊరికే చూడ్డానికి.

సుభాషిణి నొచ్చుకుంటూనే వద్దంది. ఇద్దరి బరువుకే ఆ బ్యాటరీ అలవాటు పడుతోందట. మూడో మనిషి ఎక్కితే లెక్క తప్పుతుందట. అందులో అబద్ధం లేదని అతనికి తెలుసు. తెలిసినా ఆ మాట ములుకులా దిగబడిపోయింది. భార్య నడిపే బండిలో తను అదనపు బరువు. ఫణీంద్ర బరువు మాత్రం లెక్కలోనే ఉంది.

పద్నాలుగో నెలలో ఆ కారు ఒక చార్జింగుకి ఏడొందల పది కిలోమీటర్లు నడిచింది. ఆ వారమే సుభాషిణికి హైదరాబాదులో మీటింగు పడింది. శనివారం సాయంత్రం విమానానికి బయల్దేరుతూ, కారు సెల్లారులోనే ఉంటుందని, సోమవారం ఫణీంద్ర ట్రైలరు లారీ తెచ్చి దాని మీద ఎక్కించుకుని వెళతాడని చెప్పింది. తాళం ఫ్రిజ్ మీద పెట్టింది. రెండో తాళం ఫణీంద్ర దగ్గరుంది.

ఆదివారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చబోతుంటే సబ్బవరం అవతలి ఊరి నుంచి పైడమ్మ ఫోను చేసింది. నాలుగు గేదెలు పెట్టుకుని బతికే మనిషి. ఎప్పుడూ కంగారు పడి ఎరగదు.

"డాట్రు బాబూ, గేదె తెల్లారగట్లనుంచి నొప్పులు పడతంది. దూడ తల ఎనక్కి తిరిగిపోనాది. తమరు రాపోతే రెండూ దక్కవు," అంది.

గౌరునాయుడు సంచి తీసుకుని కిందికి పరుగెత్తాడు. డీజిలు బండి నాలుగుసార్లు గురగురమని అయిదోసారి అదీ మానేసింది. ఆటో కోసం గేటు దాకా వెళ్ళాడు. సబ్బవరం అవతలికి ఆదివారం ఎవరూ రామన్నారు. వెనక్కి తిరిగి చూస్తే సెల్లారు మూలన తెల్ల కారు ఉంది.

మెట్లెక్కి తాళం తెచ్చేటప్పుడు అతని మనసులో గేదె ఒక్కటే ఉందంటే పూర్తిగా నిజం కాదు. కానీ ముందు ఉన్నది గేదే.

ఆ కారు అతని చేతిలో ఇబ్బందిగా కదిలింది. కాలు నొక్కితే ఒక క్షణం ఆగి, ఎవరో తెలియని మనిషి మాట విన్నట్టు అనుమానంగా ముందుకి వెళ్ళేది. ఎక్కడో సన్నగా కీచుమనేది. గౌరునాయుడు దాన్ని బతిమాలుకున్నట్టే నడిపాడు. ఎక్కడా తొందరపడలేదు, ఒక్కసారైనా గట్టిగా బ్రేకు తొక్కలేదు. ఊరు చేరేసరికి మూడున్నర.

గంటన్నర పట్టింది. చేతికి నూనె రాసుకుని భుజం దాకా లోపలికి పోనిచ్చి, దూడ మూతికి తాడు తగిలించి, పైడమ్మా ఆవిడ కోడలూ పట్టుకుంటే మెల్లిగా లాగాడు. దూడ నేల మీద పడి మొదట కదల్లేదు. ముక్కులోకి గడ్డిపరక పెట్టి తిప్పితే తుమ్మింది. పైడమ్మ అక్కడే చతికిలబడి కళ్ళు తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు ఒక గిన్నెడు జున్నుపాలు ఇచ్చింది.

ఆ గిన్నె ఒలక్కుండా పెట్టడానికి పక్క సీటు వైపు వంగాడు గౌరునాయుడు. ఆ సీటు బాగా వెనక్కి జరిపి ఉంది, పొడుగు కాళ్ళ మనిషికి వీలుగా. తలుపు అరలో అల్లం మొరబ్బా పొట్లాలు అయిదారున్నాయి. వాటి మీద పెన్నుతో రాసి ఉంది: 'మేడమ్‌కి, మలుపులకి ముందు.'

సుభాషిణికి మలుపుల్లో కడుపులో తిప్పుతుందని పదిహేడేళ్ళ కాపురంలో అతనికి తెలియదు. ఆవిడ నడిపే బండిలో అతనెప్పుడూ కూర్చోలేదు. ఎక్కడికి వెళ్ళినా తనే నడిపేవాడు, ఆవిడ పక్కన కళ్ళు మూసుకుని కూర్చునేది. నిద్రపోతోందనుకునేవాడు.

ఆ పొట్లాలు తీసి బయటికి విసిరేశాడు. పెందుర్తి నుంచి తిన్నగా ఇంటికి పోవాల్సినవాడు సింహాచలం ఘాట్ రోడ్డు వైపు తిప్పాడు. కొండ మీద దేవుడున్నాడన్న సంగతి అతనికి గుర్తే లేదు. కాలు అడుగంటా నొక్కి ఎక్కాడు. ప్రతి మలుపులోనూ బ్రేకు మీద నిలబడ్డాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మూడోసారికి సన్నటి కీచు మూలుగయింది. రోగం వచ్చిన గొడ్డు మూలుగు ఎలా ఉంటుందో అతని కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ జిల్లాలో తక్కువ. తెలిసే ఇంకోసారి ఎక్కాడు. జున్నుపాలు సీటు కిందంతా ఒలికిపోయాయి.

చీకటి పడేవేళకి కారుని సెల్లారులో దాని చోట పెట్టి, సీటూ సీటు కిందా వాసన పోయేదాకా కడిగి తుడిచి, చార్జింగు తగిలించి పైకి వచ్చాడు. తాళం ఫ్రిజ్ మీద ఎలా ఉందో అలాగే పెట్టాడు.

సోమవారం ఫణీంద్ర ట్రైలరు తెచ్చి కారు తీసుకెళ్ళాడు. బుధవారం సుభాషిణి నడిపితే అది నూట తొంభై కిలోమీటర్లకి ఆగిపోయింది. వారం పాటు మళ్ళీ మళ్ళీ చూశారు. నూట ఎనభై, నూట డెబ్భై. ఎవరో నడిపారన్నది తేలిపోయింది. ఎవరన్నది తేలలేదు. ట్రైలరు మీదికి ఎక్కించడం బద్ధకమై, తన దగ్గరున్న తాళంతో ఫణీంద్రే ఇరవై కిలోమీటర్లు తోలి ఉంటాడనుకున్నారు సంస్థ డైరెక్టరు గారు. అతను లేదంటే నమ్మలేదు. ఇంట్లో ఎవరైనా ముట్టుకున్నారేమోనని సుభాషిణిని కూడా అడిగారు.

ఆవిడ ఇంటికొచ్చి భర్తని అడిగింది. అనుమానపడి కాదు, అడిగానని చెప్పడానికి.

"నాకేం పని," అన్నాడు గౌరునాయుడు.

మర్నాడు ఆవిడ డైరెక్టరు గారితో చెప్పిన మాట సాయంత్రం అతనికీ చెప్పింది. మా ఆయన ఒకసారి వెనక కూర్చుంటానని అడిగి, వద్దంటే మళ్ళీ అడగని మనిషి, ఆయన్ని అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే అందట. గౌరునాయుడు టీవీ వైపు చూస్తూ విన్నాడు. ఫణీంద్రని పరీక్షల నుంచి తప్పించారని, నెలాఖరుకి వెళ్ళిపొమ్మన్నారని కూడా చెప్పింది.

"అతను అబద్ధమాడతాడనుకోలేదు," అంది.

ఆ రోజు నుంచి భోజనాల దగ్గర ఫణీంద్ర పేరు రాలేదు. గౌరునాయుడు కోరుకున్నది అదే. మొదటి నాలుగు రోజులు తృప్తిగా అన్నం తిన్నాడు. తర్వాత తెలిసొచ్చింది, ఆ పేరుతో పాటు అన్ని మాటలూ పోయాయని. మేకలూ లేవు, నవ్వూ లేదు. ఆవిడ నాలుగు ముద్దలు తిని లేచిపోయేది. పొద్దున్నే ఆరింటికి ఎక్కడికీ వెళ్ళే పని లేక బాల్కనీలో తనే నిలబడేది.

నెలాఖరు ముందు ఫణీంద్ర పెందుర్తి క్లినిక్కుకి వచ్చాడు. మేకలూ కుక్కలూ పట్టుకుని వరసలో కూర్చున్నవాళ్ళ మధ్య ఉత్త చేతులతో గంట సేపు కూర్చున్నాడు. తన వంతు వచ్చాకే లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా నిలబడే ఉన్నాడు.

"సార్, మేడమ్ నా ఫోను తియ్యట్లేదు. మీరైనా ఒక్క మాట చెప్పండి. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి చూసుకుంటా. నేను దాని స్టీరింగు ముట్టుకోలేదని మేడమ్ నమ్మితే చాలు," అన్నాడు.

అది వింటుంటే గౌరునాయుడికి ముందు వచ్చింది జాలి కాదు. ఉద్యోగం కంటే సుభాషిణి నమ్మకమే వీడికి ఎక్కువా అన్న మంట. ఆ మంటలోనే ఇంకో సంగతి కూడా కనబడింది. అదే నమ్మకాన్ని ఇంట్లో కూర్చుని తను దొంగ సొమ్ములా అనుభవిస్తున్నాడు. చెబుతానన్నాడు. ఫణీంద్ర చేతులు జోడించి వెళ్ళిపోయాడు. బయట ఇంకా ఎనిమిది మంది ఉన్నా గౌరునాయుడు క్లినిక్కు మూసేశాడు.

ఇంటికి వచ్చేసరికి సుభాషిణి భోజనాల బల్ల దగ్గర ఊరికే కూర్చుని ఉంది. చెప్పులు విప్పకుండానే చెప్పాడు.

"ఆ ఆదివారం బండి తీసింది నేనే."

పైడమ్మ ఫోను, మొరాయించిన డీజిలు బండి, రాని ఆటోలు, బతికిన దూడ, అన్నీ చెప్పాడు. ఆవిడ అడ్డు రాకుండా వింది. తర్వాత సంచిలోంచి పెద్ద ఫొటో ఒకటి తీసి బల్ల మీద పరిచింది. బ్యాటరీ కోసి తీసిన ఫొటో అది. మాను అడ్డంగా కోస్తే కనబడే వలయాల్లా గీతలున్నాయి.

"ఇక్కణ్ణించి ఇక్కడికి మీరు వెళ్ళింది," అని వేలు పెట్టి చూపించింది. "కొత్త చెయ్యే అయినా జాగ్రత్తగా ఉంది. ఇదొక్కటే అయితే నెల రోజులు నేను నడిపితే మానిపోయేది." వేలు కాస్త పక్కకి జరిపింది. అక్కడ గీతలన్నీ ముక్కలు ముక్కలుగా చిట్లి ఉన్నాయి. "మరి వచ్చేటప్పుడు?"

గేదె గురించి చెప్పడానికి అతనికి చాలా మాటలున్నాయి. దీనికి ఒక్కటే దొరికింది.

"ఓర్వలేకపోయాను."

"ఎవర్ని?"

"అతన్ని. అతను కూర్చునే సీటుని."

సుభాషిణి ఫొటోని తన వైపు తిప్పుకుంది. "ఈ ఫొటో వచ్చి మూడు రోజులైంది. గేదెలకీ మేకలకీ దారిచ్చుకుంటూ పోయే చెయ్యి ఎవరిదో ఈ గీతల్లో తెలుస్తూనే ఉంది. మీరు చెప్తారా, నేనే అడగాలా అని చూస్తున్నాను," అంది. "అతనితో నాకు పని ఉంది. పని తెలిసిన మనిషన్న గౌరవం ఉంది. దారిలో నవ్వుకోడానికి నాలుగు మాటలున్నాయి. మీరు అడిగి ఉంటే పద్నాలుగు నెలల కిందటే చెప్పేదాన్ని. మీరు ఉప్పు తగ్గిందనేవారు."

మర్నాడు ఇద్దరూ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళారు. గౌరునాయుడు అంతా రాసి సంతకం పెట్టాడు. ఫణీంద్రని మళ్ళీ రమ్మన్నారు. అతను రానన్నాడు. కోయంబత్తూరులో పని దొరికిందని మర్యాదగా ఉత్తరం రాశాడు.

మాలిమి మాత్రం బతకలేదు. పరాయి చెయ్యి ఒక్క మధ్యాహ్నం నడిపితే పాడైపోయే బండిని ఏ ఇంట్లో పెట్టుకుంటారని పైవాళ్ళు అడిగారు. భార్య నడిపే బండిని భర్త ముట్టుకోకూడదా, ఒంట్లో బాగులేనప్పుడు కొడుకు తోలకూడదా అన్నారు.  పన్నెండేళ్ళ పనిని రెండు బీరువాల్లో పెట్టి తాళం వేశారు. ఆవిడని ఇంకొకరి కింద వేరే పనిలో వేశారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మామూలుగానే చెప్పింది.

"కారు కొనుక్కోండి. ఇక ఆగక్కర్లేదు."

నాలుగేళ్ళుగా ఆ మాట కోసం ఎదురుచూశాడు గౌరునాయుడు. తీరా విన్నాక, ఆవిడ తిట్టినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

షోరూములో కుర్రవాడు నిజాయితీపరుడు. దసరాకి కొత్త మోడలు వస్తుందని, ఆగితే ఇంకో ఎనభై కిలోమీటర్లు ఎక్కువ నడిచేది దొరుకుతుందని చెప్పాడు. గౌరునాయుడు ఆగలేదు. ఉన్నదాంట్లో బూడిదరంగుది తీసుకున్నాడు. ఎవరు నడిపినా ఒకేలా నడిచే మామూలు బండి.

శుక్రవారం ఫణీంద్ర ఊరు విడిచి వెళుతున్నాడని తెలిసింది. వెళ్ళి కనబడి వస్తానంది సుభాషిణి. నేనూ రానా అని అడిగాడు గౌరునాయుడు. ఆవిడ తాళం కోసం చెయ్యి చాపింది.

పదిహేడేళ్ళలో మొదటిసారి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ నడుపుతూ మాట్లాడుతుందని అతనికి తెలియదు. అతనితో కాదు, రోడ్డుతో. అడ్డం వచ్చిన ఆటోని మెల్లగా మందలించింది. సిగ్నలు దగ్గర స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసింది. మలుపు ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, దాటాక వదిలింది. ఆ ముఖం అతను ఇంట్లో ఎన్నడూ చూడలేదు. బాగుంది. ఇదంతా ఫణీంద్ర పద్నాలుగు నెలలు చూశాడన్న తలపు వెంటనే వచ్చి, ఎప్పటి చోటే పొడిచింది. క్షమాపణ రాసి సంతకం పెట్టినంత మాత్రాన అది పోలేదు. పోదేమో కూడా. ఈసారి అతను దాన్ని పక్కనే కూర్చోనిచ్చాడు, కాలి కిందకి రానివ్వలేదు.

మద్దిలపాలెంలో సందు మొదట్లో సుభాషిణి కారు ఆపింది. గది ముందు కట్టిన అట్టపెట్టెల మధ్య ఫణీంద్ర నిలబడి ఉన్నాడు. వీళ్ళని చూశాడు గానీ ముందుకి రాలేదు.

సుభాషిణి దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచింది.

"ముందు మీరు వెళ్ళండి," అంది.

గౌరునాయుడు తలుపు తెరుచుకుని దిగాడు.